ఎండలో కారం

పడమటి వరసల్లో పలకలు మార్చే పని ఈ వేసవిలో నా నెత్తిన పడింది. జమ్మలమడుగు పక్కన మా సోలార్ కంపెనీ మొట్టమొదట బిగించిన పలకలవి. పైన అద్దం చెక్కుచెదరలేదు. అద్దం కింద ఉండే ప్లాస్టిక్ పొర మాత్రం పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టు రంగు మారిపోయింది. వెనకవైపు తెల్లటి షీటును వేలితో రుద్దితే సున్నంలా పొడి రాలుతోంది. బోల్టులు విప్పుతున్న కొత్త టెక్నీషియన్ వేలికంటిన పొడి చూసుకుని నన్నడిగాడు.

"ఎండ కోసరమే చేసినారు గదా మేడమ్ వీటిని, మళ్ళ ఎండకే ఎట్ల చెడిపోతాయి?"

అతినీలలోహిత కిరణాల గురించి చెప్పాలని నోరు తెరిచాను. తెరిచి, "ఎండలో కారముంటాది. అది తినేసింది" అనేశాను.

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట నాది కాదు. గొర్రెలు కాచుకునే ఒక పెద్దాయనది. పోయిన వానాకాలంలో నాలుగు రోజులు జ్వరంతో పడుకుని, ఎవరికీ పెద్దగా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఆయన్ని నేను తాతా అనేదాన్ని. ఆయన నన్ను ఇంజినీరు పాపా అనేవాడు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివి ఉద్యోగానికొచ్చిన నన్ను సైట్లో అందరూ మేడమ్ అంటుంటే, గేటు బయట నుంచి "ఓ ఇంజినీరు పాపా!" అని కొండలు మారుమోగేట్టు కేకేసేవాడు. మొదట్లో చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు ఆ గేటు దగ్గర ఎవరు గట్టిగా పిలిచినా తల తిప్పుతాను.

తలకు తెల్ల పాగా. భుజాన మడతపెట్టిన నల్ల కంబళి, ఎండాకాలమైనా సరే. ఇంత ఎండలో కంబళెందుకు తాతా అంటే, "వానొస్తే?" అనేవాడు. కడప జిల్లాలో, నడి వేసవిలో! ఎదుటి మనిషిని చూడాలంటే తల ఒక పక్కకు వంచి, కుడికన్ను సగం మూసి, అరచెయ్యి నుదుటికి ఆనించేవాడు. నన్నేదో అనుమానంగా చూస్తున్నాడనుకుని నాకు ఒళ్ళు మండేది. తర్వాత తెలిసింది, గొర్రెను చూసినా అంతే, కొండను చూసినా అంతే.

మా ప్లాంటును ఆయన ఏనాడూ సోలార్ అనలేదు. అద్దాల చేను అనేవాడు. బోర్డు మీద ఇంత పెద్ద పేరు రాసి ఉంది కదా అంటే, "బోర్డు మీది. చేను మాది" అనేవాడు. అందులో కోపం ఉండేది కాదు, ఉన్న సంగతి చెప్పినట్టే ఉండేది. ఆయన పుట్టిన ఊరు కొండాపురం వైపు. రిజర్వాయరు నీళ్ళొచ్చినప్పుడు ఊరు మునిగింది. ఆ ఊరి గొర్రెల దొడ్లు, దారులు, బీళ్ళు అన్నీ మునిగాయి. కాలనీలో ఇల్లిచ్చారు గానీ గొర్రెలకు కాలనీ ఎవరిస్తారు? మేపు కోసం ఇటు తోలుకొస్తే, ఇక్కడి బీళ్ళలో మేం కంచె వేసుకుని కూర్చున్నాం.

నేను ఆయనతో మొదటిసారి మాట్లాడింది ఆ కంచె గురించే. పలకలు కడిగిన నీళ్ళు పారి, వాటి కింద గడ్డి పచ్చగా పెరిగేది. బయట భూమంతా మాడిపోయి ఉంటే మా దగ్గర మోకాలెత్తు గడ్డి. మిషన్‌తో కోయిస్తే రాళ్ళెగిరి అద్దాలు పగిలేవి. విసిగిపోయిన మా మేనేజరు చివరికి గొర్రెల్ని లోపలికి రానిద్దామన్నాడు. ఆ మంచి కబురు చెప్పడానికి నేనే గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నాను.

"లోపలికి తోలుకో తాతా, పర్మిషన్ ఇచ్చినారు" అన్నాను.

ఆయన కదల్లేదు. తల వంచి, కన్ను మూసి, అరచెయ్యి నుదుటికి పెట్టి గడ్డి వైపు చూశాడు.

"పర్మిషన్ సరే పాపా. ఈ గడ్డిలో సత్తువ ఉండాదా?"

"గడ్డిలో సత్తువేంది?"

"ఎండలో ఉండే వెన్నంతా మీ అద్దాలు తీసుకుంటాండాయి గదా. కింద పడేది మజ్జిగ ఎండ. దాంతో పెరిగిన గడ్డి మేస్తే నా గొర్రెలకు ఏం ఒంటికి పడ్తాది?"

నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నగొద్దు పాపా. ఒక పక్క నీళ్ళు మింగె, ఒక పక్క అద్దాలు మింగె. నాకు మిగిలిండేది ఈ జీవాలే. వీటికేమన్నా అయితే నేను ఇంగెందుకు?"

నేను నవ్వు ఆపుకుని పాఠం మొదలుపెట్టాను. ఎండ పాలు కాదు తాతా, పలక మీద పడింది పలక తీసుకుంటుంది, సందులో పడింది సందులో పడుతుంది, దాన్నెవరూ చిలకరు అని. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. విని, కంచెలోంచి చెయ్యి పెట్టి నాలుగు గడ్డిపోచలు తెంపి నోట్లో వేసుకుని నమిలాడు. ఉమ్మేశాడు. మరునాడు మళ్ళీ వచ్చి మళ్ళీ నమిలాడు. ఆ తర్వాత ఒకే ఒక్క ముసలి పొట్టేలును లోపలికి వదిలాడు. అది కడుపునిండా మేసి, నీళ్ళు తాగి, నెమరు వేసి, చివరికి ఆయన్నే ఒక్క కుమ్ము కుమ్మితే, అప్పుడు మందనంతా తోలాడు.

"మజ్జిగ గూడా మంచిదేలే పాపా, ఎండాకాలానికి" అన్నాడు నాతో. ఓడిపోయినా సిద్ధాంతం మాత్రం వదల్లేదు.

ఆయనకు ఇంకో బాధ మిగిలింది. మా వైపు గొర్రెల వాళ్ళు చేలో మేపుకుంటే ఆ చేలోనే మంద నిలపడం మర్యాద. గొర్రెలు రాత్రంతా అక్కడ పడుకుంటే ఆ పెంట భూమికి బలం. ఇంత గడ్డి మేపుకుని ఊరికే పోవడం ఆయనకు మింగుడు పడలేదు. నేరుగా మేనేజరు గదికే వెళ్ళి, గుమ్మంలో పాగా విప్పి, మంద నిలుపుతానన్నాడు. మా మేనేజరు కోస్తా మనిషి.

"ఇక్కడ పంటే లేదు కదండీ పెద్దాయనా, ఎరువెందుకు?"

"ఎండ పండిస్తాండారు గదప్పా. ఏ పంటయినా నేల మీదనే గదా నిలబడి ఉండేది!"

మేనేజరు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. రాత్రిపూట గొర్రెలు లోపల ఉండకూడదని రూలు. అందుకని ఆయనే దారి కనిపెట్టాడు. మిట్ట మధ్యాహ్నం పలకల నీడలో గొర్రెలన్నిట్నీ ఒక్కో రోజు ఒక్కో వరసలో పడుకోబెట్టేవాడు, ఏ వరసా తక్కువ కాకుండా. వాసనొస్తోందని మేనేజరు గొణిగేవాడు. మా వరసలన్నీ అలా పగటి మందలతోనే బాగుపడ్డాయి.

ఆ మధ్యాహ్నాల్లోనే నేను ఆయన కన్ను దగ్గర్నుంచి చూశాను. ముక్కు పక్క నుంచి ఎర్రటి కండ ఒకటి ఈగ రెక్కంత పాకి, నల్లగుడ్డు అంచు దాటుతోంది. ఎడమ కంట్లోనూ మొదలైంది. తల వంచి చూడ్డం, అరచెయ్యి ఆనించడం దేనికో అప్పుడు అర్థమైంది. ఆ కండ నడిమికి వస్తే చూపు పోతుంది.

"ఎప్పట్నుంచి తాతా ఇది?"

"దుమ్ము పడి ఉంటాది. అదే పోతాది."

దుమ్ము ఒక్కటే కాదు, ఎండ అన్నాను. నాకు తెలిసిన చోటికి వచ్చేసరికి నాకూ ఉత్సాహం వచ్చింది. ఎండలో మన కంటికి కనపడని భాగం కొంత ఉంటుంది తాతా, ఊదా రంగుకు అవతల. ఉండేది కొంచెమే. మా పలకలు కరెంటు తీసేది ఎక్కువగా కనపడే వెలుతురులోంచే. ఆ కనపడని దాంతో మాకు ఒరిగేదేమీ లేదు, పైగా అది పలకలకే చేటు. అంటూ, అప్పటికే రంగు మారడం మొదలైన ఒక పలక దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. ఆయన దాన్ని గొర్రె వీపు నిమిరినట్టు నిమిరాడు.

"కామెర్లొచ్చినట్టుండాదే దీనికి! అయితే ఎండలో వెన్నా ఉండాది, కారమూ ఉండాదన్నమాట. వెన్న మీరు తింటాండారు. కారం ఎవరికీ పనికిరాదు."

"అంతే తాతా." నేను మొదటిసారి ఆయన సిద్ధాంతంతో ఏకీభవించాను.

"మళ్ళ ఆ కారం నించి వీటిని కాపాడనీకె మీరేమీ పెట్టల్యా?"

"పెడ్తారు. అద్దం కొంత ఆపుతాది. దాని కింద పొరలో మందు కలుపుతారు. అందుకే ఇన్నేండ్లు పనిచేస్తాండాయి."

ఆయన పాగా కొసతో కన్ను తుడుచుకున్నాడు.

"మీ అద్దాలకు గూడా కండ్లద్దాలు పెట్టినారు పాపా. నా కంటికి ఎవురు పెడ్తారు?"

ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ప్రొద్దుటూరులో మా ఇంటికి దగ్గర్లోనే కంటి ఆసుపత్రి ఉంది. పట్టుబట్టి పంపించాను. కుడికన్నుకు ఆపరేషన్ చేసి కండ తీసేశారు. ఎండలో చలువ అద్దాలు లేకుండా తిరిగితే మళ్ళీ పెరుగుతుంది, రెండోసారి పెరిగితే మొదటిదానికన్నా మొండిగా ఉంటుంది, ఎడమ కన్నూ అదే దారి పడుతుంది అని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. కట్టు విప్పాక ఆయన జమ్మలమడుగు బస్టాండులో నల్లద్దాలు కొనుక్కుని, సినిమా హీరోలా మా గేటు ముందు నిలబడ్డాడు. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు.

ఆ అద్దాలు తీసి చూస్తే ఉత్త నల్ల ప్లాస్టిక్. మరోసారి చూపించుకోవడానికి ఆయన ప్రొద్దుటూరు వచ్చినప్పుడు నేరుగా మా మేనమామ నగల దుకాణానికి తీసుకెళ్ళాను. నోట్లు మంచివో కావో చూడ్డానికి అక్కడ గల్లా పక్కన చిన్న దీపం ఉంటుంది. అందులోంచి వచ్చేది మనం మాట్లాడుకునే ఆ వెలుతురే. ఒక నోటు దాని కింద పెట్టాను. నోటు మీది అంకెలు మిణుగురుల్లా వెలిగాయి. ఆయన నోరు తెరిచాడు. దీపానికి బస్టాండు అద్దాలు అడ్డం పెట్టాను. కొంచెం మసకబారినా అంకెలు వెలుగుతూనే ఉన్నాయి. వాటిని తీసి, ఆ పొద్దున ఆసుపత్రిలో ఇచ్చిన అద్దాలు అడ్డం పెట్టాను. అంకెలు ఆరిపోయాయి.

ఆయన నా చేతిలోంచి అద్దాలు లాక్కున్నాడు. ఇవి పెట్టాడు, అవి పెట్టాడు. అరచెయ్యి అడ్డం పెట్టాడు, పాగా గుడ్డ పెట్టాడు, కంబళి కొస పెట్టాడు. అక్కడ గాజులు చూస్తున్న ఆడవాళ్ళు గాజులొదిలేసి ఈయన్నే చూస్తున్నారు.

"బేరమేమన్నా ఉండాదా, ల్యాకుంటే తమాషానేనా?" అన్నాడు మా మామ.

"ఉండప్పా! కారం కనపడ్తాండాది" అన్నాడు తాత, దీపం మీదికి వంగుతూ. నేను ఆయన పాగా పట్టి వెనక్కి లాగాను.

ఉత్త నల్లద్దాలు ఇంకా ప్రమాదమని అప్పుడు చెప్పాను. నల్లగా ఉండేసరికి కంటిపాప పెద్దదవుతుంది, తలుపు బార్లా తీసినట్టు ఆ కారమంతా లోపలికి పోతుంది అని. ఆయన బస్టాండు అద్దాల్ని మా మామ గల్లా మీదే వదిలేశాడు.

ఇంతటితో కథ సుఖాంతం అనుకుని నేను నిశ్చింతగా ఉన్నాను. నాలుగైదు రోజుల తర్వాత వరసల్లో తిరుగుతుంటే ఆయన ఒక పలక కింద కూర్చుని కనిపించాడు. అద్దాలు చేతిలో ఉన్నాయి, కంటికి లేవు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేనేదో అనబోయేలోగా ఆయన లేచి, "చూడు" అని అద్దాలు పెట్టుకుని మందను పిలిచాడు. నాలుక అంగిలికి కొట్టి చేసే పిలుపు అది, ఎంత దూరాన ఉన్నా గొర్రెలు పరిగెత్తుకొస్తాయి. గొర్రెలు తలలెత్తాయి. ఆయన్ని చూశాయి. చూసి, ఒక్కసారిగా బెదిరి వరస అవతలి కొసకు పారిపోయాయి. ఆయన అద్దాలు తీసి మళ్ళీ పిలిచాడు. అన్నీ వచ్చి ఆయన కాళ్ళను చుట్టుకున్నాయి.

"మొహం దాచుకున్నోడు దొంగ అనుకుంటాండాయి పాపా. వాటి తప్పేముండాది?"

"అయితే ఏంది తాతా? గొర్రెలు కావాల్నా, కండ్లు కావాల్నా?" గట్టిగానే అరిచాను.

ఆయన నింపాదిగా నా వైపు తల వంచాడు.

"కండ్లెందుకు పాపా నాకు? వీటిని చూసుకోనీకే గదా."

నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆయన చూపు పోతుందన్న భయం మా ఇంట్లో మనిషి గురించినట్టే పట్టుకుంది నన్ను.

దారి ఈసారి కూడా ఆయనే కనిపెట్టాడు. వానలు పడ్డాక గొర్రెలు ఈనే కాలం వచ్చింది. ఆయన దొడ్లో ఏ గొర్రె ఈనుతున్నా కంటికి అద్దాలతోనే దగ్గర కూర్చున్నాడు. పిల్ల తడి ఆరక ముందే ఎత్తుకుని, అద్దాల మొహంతోనే ముద్దు చేసి, తల్లి పొదుగు అందించాడు. ఆ ఈత పిల్లలకు నల్లద్దాలు లేని తాత తెలియనే తెలియదు. అద్దాలు కనపడితే చాలు ఎగురుకుంటూ వచ్చేవి. పిల్లల వెంట తల్లులు వచ్చేవి. తల్లుల వెంట, కొంత అనుమానంగానే, పొట్టేళ్ళూ వచ్చేవి. మబ్బు పట్టిన రోజున మాత్రం అద్దాలు పాగా మీదికి జరిపేవాడు. మబ్బుకు కరెంటు తగ్గుతుంది గానీ కారం అంతగా తగ్గదు తాతా అని నేను గొంతు చించుకుంటే, మళ్ళీ కిందికి దించేవాడు.

ఆయనకు ఒక కోడలుండేది. పులివెందుల పిల్ల, నోరు గలది. మామ సంతకు పోయిన రోజుల్లో గొర్రెలు కాచేది ఆమే. "ఈ వయసులో ఏం షోకు మామా నీకు!" అని అందరి ముందరే ఆటపట్టించేది. ఆమె కంటి మూలన కూడా ఎర్రగా ఉందని ఆయన నాతో చాటుగా చెప్పాడు. ఆమెకూ ఒక జత కావాలన్నాడు. ఆడవాళ్ళవి సన్నంగా, బాగుంటాయని నేను ఏవేవో ఫోన్లో చూపించాను.

"వద్దు. నా మాదిరివే కావాల. ఇంత లావు నల్ల ఫ్రేమువే."

"పెట్టుకోదు తాతా ఆమె, మగవాళ్ళవి మాదిరి ఉంటాయి."

"అవే తే పాపా. నీకు తెల్దు."

తెచ్చిచ్చాను. నేను అన్నట్టే అయింది. "ఎద్దుకు గంతలు కట్టినట్టుండాది, ఊర్లో నగుతారు" అని ఆమె వాటిని గోడ మేకుకు తగిలించింది. ఆయన రోజూ చెప్పేవాడు, ఆమె రోజూ వినేది కాదు. ముసలాయన మొండితనం కొద్దీ తన మాదిరివి తెప్పించి డబ్బు అనవసరంగా పాడుచేశాడని నాకు కొంచెం చిరాకేసింది కూడా.

ఆ మరుసటి వానాకాలమే ఆయన పోయాడు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి ఇంటి ముందు చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. కళ్ళు రెండూ మూసి ఉన్నాయి. పోయే ముందు వారం కూడా డాక్టరు చూసి, కుడిది తేటగా ఉంది, ఎడమదీ ముదరలేదు పెద్దాయనా అన్నాడట. కంబళి ఆయన మీదే కప్పారు.

చాలా రోజులు గొర్రెలు మా వైపు రాలేదు. గడ్డి మళ్ళీ మోకాలెత్తు పెరిగింది. మిషన్ తెప్పిద్దామా అని మేనేజరు అడిగితే, కొన్నాళ్ళు చూద్దాం సార్ అన్నాను.

ఒక రోజు, మబ్బు పట్టిన మధ్యాహ్నం, వరసల అవతల నాలుక అంగిలికి కొట్టిన చప్పుడు వినబడింది. తల తిప్పాను. గొర్రెల నడుమ లావు నల్ల ఫ్రేము అద్దాలు. ఒక్క క్షణం తాతే అనుకున్నాను. దగ్గరికొస్తే కోడలు. తల మీద కొంగు, కంటికి అద్దాలు, మొహం కందగడ్డ.

"ఏంది మేడమ్ అట్ల చూస్తాండావు? నగాలనుకుంటే నగు."

"నగడం ల్యా. పెట్టుకోనంటివి గదా?"

"ఏం చేసేది? మామ పోయినాక దినాలు అయ్యేదాకా దొడ్లోనే ఆకు కోసి ఏస్తిమి, ఆ తర్వాత తడిక తీస్తే ఒక్కటి కదల్లా. పిలిస్తి, తిడ్తి, కట్టె తీసుకుంటి. నన్ను చూసి మూలకు దాక్కుంటాండాయి. ఆయన సంతకు పోయిన దినాల్లో నా ఎంట వచ్చేటివే, పోయినంక నన్ను గూడా దగ్గరికి రానీల్యా. ఆకలికి అరుస్తాండాయి గానీ కాలు బయట పెట్టవు. ఆఖరికి మేకుకు తగిలించిండేటివి పెట్టుకుని నిలబడితి. అంతే, గొర్రెపిల్లలు ఎగురుకుంటా వచ్చె." ఆమె వంగి ఒక పిల్ల వీపు నిమిరింది. "ముసలాయనకు ముందే తెలుసు మేడమ్. ఆయన మాదిరివే కావాలని అందుకే తెప్పించినాడు."

అవే తే పాపా, నీకు తెల్దు అన్న ఆయన గొంతు మళ్ళీ వినబడినట్టయింది. మొదటిసారి ఆయన కోసం అక్కడే, ఆమె ముందే, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది గానీ అద్దాలు మాత్రం తీయలేదు.

కాసేపటికి తేరుకుని, అలవాటుకొద్దీ ఆకాశం వైపు చూసి చెప్పాను.

"మబ్బు ఉండాదని తీసేయొద్దు. మబ్బులో గూడా కారముంటాది."

"తీస్తే ఇవి రావు గదా మేడమ్" అంది ఆమె, గొర్రెల్ని వరసలోకి మళ్ళిస్తూ. "యాడ తీసేది?"